రెండు గ్రంథాల మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. ఖుర్ఆన్, బైబిల్ రెండూ ముందు పెట్టుకుని, ఎవరో చెప్పింది కాకుండా మూలాల దాకా వెళ్లాలన్న నీ పట్టుదల నాకు నచ్చింది. తెలుగులో ఈ విషయం మీద వచ్చేది చాలావరకు తమ మతాన్ని గెలిపించుకోవడానికి రాసేదే. నువ్వు అలా రాయకూడదనుకుంటున్నావు కాబట్టే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆగ్రా సంగతి చెప్తాను. 1854 ఏప్రిల్‌లో అక్కడ ఒక బహిరంగ చర్చ జరిగింది. ఒకవైపు జర్మన్ మిషనరీ ఫాండర్, మరోవైపు కైరానా నుంచి వచ్చిన మౌలానా రహ్మతుల్లా, ఆయనకు తోడుగా డాక్టర్ వజీర్ ఖాన్. బైబిల్ పాఠం మారిపోయిందా లేదా అన్నది అసలు గొడవ. ముస్లింలు దాన్ని తహ్‌రీఫ్ అంటారు. వజీర్ ఖాన్ ఐరోపా పండితులే బైబిల్ మీద రాసిన విమర్శలు చదివి వచ్చాడు. ఫాండర్ అది ఊహించలేదు. కొన్ని చోట్ల పాఠం మారిందని ఆయన అందరి ముందూ ఒప్పుకోక తప్పలేదు. రెండు రోజులకే చర్చ ఆగిపోయింది. గెలిచింది మేమేనని ఇరుపక్షాలూ చెప్పుకున్నాయి. ఆ తర్వాత రహ్మతుల్లా అరబిక్‌లో రాసిన పుస్తకంలోని వాదనలే ఇవాళ్టికీ వేదికల మీద వినిపిస్తున్నాయి. నీ వ్యాసం మూడో భాగంలో ఉన్నవీ చాలావరకు అవే.

ఆ చర్చలో నాకు బాధ కలిగించేది ఒకటుంది. ఎదుటివాడి గ్రంథానికి పెట్టిన పరీక్షను తన గ్రంథానికి పెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. నువ్వూ అదే చేశావు. బైబిల్‌లో యేసు కథ చెప్పే నాలుగు సువార్తల్లో ఒకటైన మార్కు సువార్త 16వ అధ్యాయంలో 9 నుంచి 20 దాకా ఉన్న వచనాలు నాలుగో శతాబ్దపు సైనాయ్, వాటికన్ ప్రతుల్లో లేవని రాశావు. నిజమే. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ యోహాను సువార్త పాత ప్రతుల్లో కనిపించదన్నావు. అదీ నిజమే. ఖుర్ఆన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'ఒక్క అక్షరమూ మారలేదు' అని ఒక్క వాక్యంతో తేల్చేశావు. బర్మింగ్‌హామ్ పత్రాలను, అంటే ఇంగ్లండ్‌లోని ఆ ఊరి విశ్వవిద్యాలయంలో ఉన్న పాత ఖుర్ఆన్ ఆకులను, సాక్ష్యంగా చూపించావు. వాటి కార్బన్ పరీక్షలో క్రీ.శ. 568-645 మధ్య కాలం వచ్చిన మాట వాస్తవం. అయితే అది తోలు వయసు, దాని మీది సిరా వయసు కాదు. పైగా అవి రెండే ఆకులు. 1972లో యెమెన్‌లోని సనా పెద్ద మసీదులో దొరికిన ఖుర్ఆన్ ప్రతుల్లో ఒకదానిలో, పైన ఉన్న రాత కింద, చెరిపేసిన పాత రాత కనిపిస్తుంది. అందులో కొన్ని చోట్ల మాటలు ఇప్పటి పాఠంతో కలవవు. మూడో ఖలీఫా ఉస్మాన్ ఒక పాఠాన్ని ఖరారు చేసి మిగతా ప్రతులను కాల్పించారని ముస్లిం సంప్రదాయమే చెబుతుంది. అది దాచాల్సిన విషయమేమీ కాదు.

ఇక్కడ కారణం కూడా రాయి. ఖుర్ఆన్ పాఠం కొన్ని దశాబ్దాల్లోనే రాజ్యం అండతో స్థిరపడింది. సువార్తలను మొదటి మూడు శతాబ్దాలు ఎవరికి వారు, ఊరూరా, హింసల మధ్య నకళ్లు రాసుకున్నారు. అందుకే వాటిలో తేడాలు ఎక్కువగా కనిపిస్తాయి, వేల ప్రతులు మిగిలాయి కాబట్టి ఏది ఎక్కడ మారిందో పట్టుకోవడమూ కుదురుతుంది. ఈ ముక్క చెప్పకుండా తేడాల లెక్క మాత్రమే వేస్తే పాఠకుడికి అన్యాయం చేసినట్టే.

ఇప్పుడు సిలువ సంగతి. నీ వ్యాసానికి గుండెకాయ ఇదే, నువ్వేమో నాలుగు లైన్లలో దాటేశావు. ఖుర్ఆన్ నాలుగో సూరా (అధ్యాయం) 157వ ఆయత్ (వచనం) ఈసాను, అంటే యేసును, యూదులు చంపలేదనీ, సిలువ వేయలేదనీ, వాళ్లకు అలా అనిపించేలా జరిగిందనీ చెబుతుంది. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ సుమారు క్రీ.శ. 116లో, క్రీస్తుకు తిబెరి చక్రవర్తి కాలంలో యూదయ పాలకుడు పిలాతు మరణశిక్ష వేయించాడని రాశాడు. ఆయనకు క్రైస్తవులంటే అసహ్యం, వాళ్ల కోసం అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. పిలాతు పేరు చెక్కిన రాయి 1961లో ఇజ్రాయెల్ తీరంలోని కైసరయలో దొరికింది. యేసును సిలువ వేశారన్నది ఏ మతం వాడైనా సరే, చరిత్రకారులు దాదాపు అందరూ ఒప్పుకునే విషయం. ఆరు వందల ఏళ్ల తర్వాత అరేబియాలో వచ్చిన మాటను మొదటి శతాబ్దపు సంఘటనకు సాక్ష్యంగా వాళ్లు తీసుకోరు.

అయితే ఆ ఆయత్ ఏమంటోందో మళ్లీ చదువు. చూసినవాళ్లకు సిలువ వేసినట్టే కనిపించిందని అదే ఒప్పుకుంటోంది. తెర వెనక దేవుడు ఏం చేశాడన్నది దాని వాదన. మరొకరికి ఈసా రూపం వచ్చిందన్న కథనాలను తబరీ లాంటి ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు నమోదు చేశారు. టాసిటస్ దీన్ని కాదనలేడు, అవుననలేడు. చరిత్ర అక్కడ ఆగుతుంది. సరిగ్గా ఇదే మాట పునరుత్థానానికీ వర్తిస్తుంది. తొలి క్రైస్తవ బోధకుడు పౌలు క్రీ.శ. 50ల మధ్యలో కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక చూపించి, శిష్యులు దాన్ని గట్టిగా నమ్మారని చరిత్రకారుడు చెప్పగలడు. సమాధి నుంచి లేచాడా లేదా అన్నది ఆయన చేతిలో లేదు. ఒకచోట ఆగి, ఇంకోచోట ఆగకపోతే పాఠకుడు ఇట్టే పట్టేస్తాడు.

లూకా సువార్త రెండో అధ్యాయంలో యేసు పుట్టుకతో ముడిపెట్టిన ప్రజాసంఖ్య (జనాభా లెక్కలు) గురించి నువ్వు రాసింది బాగుంది. యేసు పుట్టాడని చెప్పే కాలపు రాజు హేరోదు క్రీ.పూ. 4లో చనిపోయాడు, రోమన్ అధికారి కురేనియ లెక్కలు క్రీ.శ. 6లో జరిగాయి. ఆ దాదాపు పదేళ్ల తేడా అలాగే ఉంచు.

ఇంకొక్కటి. ఖుర్ఆన్‌ను బైబిల్‌తో జత కట్టడం అంత సరికాదు. ముస్లింకు ఖుర్ఆన్ దేవుడి సొంత మాట. క్రైస్తవుడికి ఆ స్థానంలో ఉన్నది పుస్తకం కాదు, యేసు. 'ఆదియందు వాక్యముండెను' అని యోహాను అన్నది ఆయన గురించే. సువార్తలు ఆయన్ను గురించి మనుషులు ఇచ్చిన సాక్ష్యం. ఒక రకంగా వాటికి దగ్గరగా వచ్చేవి హదీసులు, అంటే ప్రవక్త మాటలనూ చేతలనూ గురించి ఇతరులు చెప్పిన కథనాలు. సువార్తల్లో నాలుగు కథనాలు అక్కడక్కడా వేరుగా ఉన్నాయంటే ముస్లిం మిత్రుడు ఆశ్చర్యపోతాడు, క్రైస్తవుడికి అది పెద్ద టెన్షన్ కాదు. కారణం ఇదే.

సిలువ భాగం ముందు తిరిగి రాయి, దానికి కనీసం రెండు పేజీలు ఇవ్వు. రాశాక మీ ఊళ్లో ఒక పాస్టర్ గారికీ, ఒక ఇమామ్ సాబ్‌కీ చూపించు. నీ నిర్ణయాలు వాళ్లు ఒప్పుకోనక్కర్లేదు. 'మేం నమ్మేది ఇదే, సరిగ్గానే రాశావు' అని ఇద్దరూ అనాలి. అననిచోట పేరా మార్చి, అప్పుడు నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య