పదాల అర్థం తెలిసినా వాక్యం అందకపోతే

నిఘంటువు పక్కనే పెట్టుకుని రోమన్ కవి వర్జిల్ లాటిన్ కావ్యం 'ఈనియిడ్' మొదలుపెట్టినా, ప్రతి పదం అర్థం తెలిసీ వాక్యం అర్థం కావట్లేదన్నారు కదా. మీకు తక్కువైంది పదాలు కాదండీ, అన్వయం, అంటే ఏ పదం దేనితో కలుస్తుందో చూసుకోవడం. పదాల వరుసను నమ్మకండి, విభక్తిని నమ్మండి.

మొదటి సర్గ నాలుగో పాదమే చూడండి: 'సైవై మెమొరెమ్ యూనోనిస్ ఒబ్ ఈరమ్'. వరుసగా చదివితే 'క్రూరమైన, మరవని, జూనో, వల్ల, కోపం' అని గందరగోళం (జూనో రోమన్ల దేవత). 'సైవై', 'యూనోనిస్' రెండూ షష్ఠి, కాబట్టి అవి జత. 'మెమొరెమ్', 'ఈరమ్' రెండూ ద్వితీయ, అవి ఇంకో జత. అంటే 'క్రూరురాలైన జూనోకున్న మరవని కోపం వల్ల'. సంస్కృత శ్లోకానికి అన్వయం రాసుకున్నవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. ముందు క్రియ, తర్వాత కర్త, ఆ తర్వాతే విశేషణాలు. పెన్సిల్‌తో జతలు గీసుకోండి, రోజుకు ఐదారు పాదాలు చాలు.

గణవిభజన మాత్రం వదలొద్దు. పాదానికి ఆరు గణాలు. మొదటి నాలుగూ భగణమో రెండు గురువులో, ఐదోది దాదాపు ఎప్పుడూ భగణమే. మామూలు ప్రతుల్లో దీర్ఘాలకు గుర్తులు పెట్టరు. స్త్రీలింగ పదం చివరి 'అ' హ్రస్వమైతే ప్రథమ, దీర్ఘమైతే అబ్లేటివ్ (మన తృతీయ, పంచమిల పని చేసే విభక్తి). చాలాచోట్ల ఆ తేడా ఛందస్సే పట్టిస్తుంది.

అయినా కష్టంగా ఉంటే కొన్నాళ్లు మరో లాటిన్ కవి ఓవిడ్ రాసిన 'మెటమార్ఫోసీస్' నాలుగో సర్గలోని పిరమస్, థిస్బీల కథ చదవండి. వాక్యాలు పొట్టివి, కథ పరుగెడుతుంది. నన్నడిగితే అసలు అక్కడే మొదలుపెట్టాలి.