అమ్మ, పిల్లోడు కలిసి చూసే సినిమా ఏదంటే

అన్నా, కడప నుంచి అడిగినావు కదా, అమ్మ మూడు గంటలు కూర్చోలేదు, ఎనిమిదేళ్ల పిల్లోడు ఫైట్లు వస్తే భయపడతాడు, ఆదివారం ఇంట్లో ఏం పెట్టాల అని. పుష్ప 2 వద్దు, 3 గంటల 20 నిమిషాలు, రక్తం కూడా ఎక్కువే. '35 చిన్న కథ కాదు' అనే సినిమా పెట్టన్నా, 2024లో వచ్చింది, రెండున్నర గంటల్లో అయిపోతాది. తిరుపతిలో కథ. లెక్కలంటే భయపడే పిల్లోడు, సున్నాకి విలువ లేదంటారు కదా మరి ఒకటి పక్కన పెడితే పది ఎట్లయితాదని అడుగుతాడు, ఆ ప్రశ్నకి క్లాసులో ఎవురూ సరిగ్గా బదులు చెప్పరు, వాడు పాస్ మార్కులు 35 తెచ్చుకునేదానికి వాళ్లమ్మగా చేసిన నివేదా థామస్ పడే తిప్పలు చూస్తాంటే మా అనంతపురంలో మా అమ్మ లాంతరు ముందర కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పించింది గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చేసింది. సీమ అంటే బాంబులు, సుమోలే చూపిస్తారు కదన్నా, ఇందులో ఒక్క కత్తి లేదు, అందుకే నాకు ఇంత ఇష్టం. మొదట్లో కొంచెం నిదానమే, పిల్లోడు లేచిపోతానంటే వాణ్ని ఆపు, స్కూలు సీన్లు వచ్చినాక వాడే కదలడు. అమ్మకి ఇంటర్వెల్‌లో కాఫీ ఇచ్చి అట్లా నడవమను, కాళ్లు పట్టేయవు. అది చూసేసింటే లక్కీ భాస్కర్ పెట్టు, కానీ అందులో బ్యాంకు లెక్కలు పిల్లోనికి అర్థం కావు, అమ్మకి మాత్రం నచ్చుతాది.