ఆ టికెట్టు మార్చుకో, బుజ్జీ

థండర్ బే, కెనడా,
శనివారం పొద్దున

బుజ్జీ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు పైన ఉత్తరాన శాండీ లేక్‌లో, ఆ ఆదివాసుల ఊరి నర్సింగ్ స్టేషన్లో చేరుతున్నావనీ, నాలుగు వారాలు పని, రెండు వారాలు సెలవనీ ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. "అచ్చం నీ పోలికే అక్కా" అంది. పొంగిపోయాను, దాచుకోవడమెందుకు. కానీ ఆ వెనకే ఇంకో మాట అంది. నాలుగో వారం అయిన రోజు మధ్యాహ్నం అక్కడ బయల్దేరి, అదే రాత్రి టొరంటోలో హైదరాబాద్ విమానం ఎక్కుతావట. టికెట్టు కూడా కొనేశావట. ఇంక నాకు నిద్ర పట్టలేదు. నాలుగింటికి లేచి కాఫీ పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ముందు చిన్న చిన్నవి చెప్పేస్తాను. కోటు, మంచు బూట్లు పెట్టెలో సర్దకు, ఒంటిమీద వేసుకునే ఎక్కు. విమానం ఇంకో ఊళ్ళో దిగిపోతే మైనస్ 35లో నీ పెట్టె నీకు కోటు తొడగదు. మందులు, ఒక జత బట్టలు, ఒకపూట తిండి చేతిసంచిలో ఉండాలి. బరువు ఎక్కువైతే పెట్టెల్ని దింపేస్తారు, అవి రేపొస్తాయో ఎల్లుండొస్తాయో. బియ్యం, కందిపప్పు ఇక్కణ్ణుంచే పట్టుకెళ్ళు, అక్కడ కొట్లో ధరలు చూస్తే గుండె ఆగుతుంది. ఆవకాయ గాజుసీసాలో వద్దు. ఉల్లిపాయలు పాత దుప్పట్లో చుట్టు, లేకపోతే రన్‌వే పక్కన దించేసరికి గోళీకాయల్లా గడ్డకడతాయి. ఆ చిన్న విమానాల్లో బాత్రూం ఉండదు, కాబట్టి ఎక్కేముందు టీ తాగకు. నవ్వకు, నేను తాగాను.

నిన్ను కూడా తూకం వేస్తారు. నాకు మొదటిసారి, దారిలో విమానం మారే సూ లుకౌట్ ఊళ్ళో, అందరి ముందూ, కోటుతో బూట్లతో సహా కాటా ఎక్కించి పైకి చదివారు. సిగ్గుతో చచ్చాను. ఇళ్ళల్లో పెళ్ళిచూపులప్పుడు కూడా ఎవరూ అడగని అంకె అది! కానీ దిగేది కంకర రన్‌వే మీద, పొడవు 3,500 అడుగులో ఏమో. పైలట్‌కి ప్రతి కిలో లెక్కే.

దిగాక నీ సంచులు విప్పి చూడొచ్చు. ఆ ఊళ్ళలో చాలావాటిలో మద్యం నిషేధం, బ్యాండ్ కౌన్సిల్, అంటే వాళ్ళ ఊరి పాలకసభ, పెట్టుకున్న కట్టుబాటు. మొహం ముడుచుకోకుండా విప్పి చూపించు. నువ్వు వాళ్ళ గడపలోకి వెళ్తున్నావు.

ఇక అసలు సంగతి.

1996 నవంబరు. కార్తీకమాసంలో మీ అమ్మ పెళ్ళి, తెనాలిలో. నేను శాండీ లేక్‌కి ఇంకా పైన ఒక ఊళ్ళో పనిచేస్తున్నాను. నీలాగే తెలివైనదాన్ని కదా, ఊళ్ళోంచి బయటపడే రోజుకీ టొరంటోలో బొంబాయి విమానానికీ మధ్య ఒక్క రోజు పెట్టుకున్నాను. సెలవులు వృథా ఎందుకని. నవంబరంటే సరస్సులు గడ్డకట్టే కాలం. నీళ్ళమీంచి పొగమంచు లేచి రన్‌వే మీద పడుకుంటుంది. బయల్దేరాల్సిన రోజంతా విమానం రాలేదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పెట్టె పట్టుకుని వెళ్ళడం, ఏజెంట్ రేడియోలో మాట్లాడి తల అడ్డంగా ఊపడం, నేను తిరిగి రావడం.

మర్నాడు వచ్చింది. సగం సీట్లు తీసేసి సరుకు నింపుకొచ్చింది. తిరుగు ప్రయాణంలో మిగిలింది ఒక్క సీటు. లిస్టులో ముందు నా పేరుంది.

నా పక్క బెంచీ మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. టేపు చుట్టిన అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుంది. ఆమె భర్తని పదిరోజుల ముందు సూ లుకౌట్ ఆసుపత్రికి మెడివాక్‌లో, అంటే రోగుల్ని తీసుకెళ్ళే విమానంలో, పంపింది నేనే. ఆయన పరిస్థితి ఏమిటో ఆ గదిలో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అట్టపెట్టెలో పొగబెట్టిన చేపలున్నాయి, ఆయన కోసం. ఆమె నన్నేమీ అడగలేదు. ఏజెంట్ కూడా అడగలేదు. నేను చూసినంతలో ఆ ఊరివాళ్ళు ఇంకొకరి చేతిలో ఉన్నదాన్ని నోరుతెరిచి అడగరు. ఇస్తే తీసుకుంటారు. మధ్యాహ్నం ఇంకో విమానం వస్తుందన్నారుగా అని నాకు నేను చెప్పుకున్నాను. ఎక్కాను.

మధ్యాహ్నం విమానం రాలేదు. మళ్ళీ పొగమంచు పట్టేసింది. ఆయన మర్నాడు రాత్రి పోయాడు. ఆమె మూడోరోజు సూ లుకౌట్ చేరింది, శవపేటికతో తిరిగొచ్చింది.

పోనీ నేను బావుకున్నదేమిటి? సూ లుకౌట్‌లో మంచువాన, అక్కడే ఒక రోజు పోయింది. టొరంటోలో విమానం వెళ్ళిపోయింది. తెనాలి చేరేసరికి పెళ్ళయి రెండు రోజులు. పందిరి రాటలు పీకుతున్నారు. మీ అమ్మ పెళ్ళి ఆల్బంలో పెద్దమ్మ ఎందుకు లేదని చిన్నప్పుడు అడిగేదానివి. మంచు పడిందమ్మా అనేదాన్ని. మంచు పడిన మాట నిజమే.

నెల తర్వాత తిరిగి వెళ్ళాను. ఆమె బీపీ చూపించుకోడానికొచ్చింది. అప్పుడు మా మాటలు తర్జుమా చేసే అమ్మాయి ఆమె మనవరాలే. నేను ఇంగ్లీషులో ఏదేదో చెప్పాను, క్షమించమన్నాను. ఆ పిల్ల వాళ్ళ ఓజీ-క్రీ భాషలో చాలాసేపు చెప్పింది. ఆమె ఒక్క ముక్కలో జవాబిచ్చింది. "ఒక్క సీటే ఉందిగా, అంటోంది" అంది పిల్ల. ఆమె చొక్కా చెయ్యి పైకి మడిచి పట్టీ కట్టమని నా ముందు చాపింది. నా చేతులు వణికి రెండుసార్లు తప్పు చదివాను.

నేను చెడ్డదాన్నేమీ కాదు బుజ్జీ. నా దగ్గర మూడు రోజులు ఖాళీ ఉండి ఉంటే, "మీరు వెళ్ళండి కూకుమ్ (అవ్వా)" అని లేచి నిలబడేదాన్నని ఇప్పటికీ నమ్ముతాను. ఆ టికెట్టు నన్ను కూర్చోబెట్టేసింది. అందుకే అరుస్తున్నాను. నీది మార్చుకో. మధ్యలో కనీసం మూడు రోజులు పెట్టుకో, నవంబరులో, ఏప్రిల్లో అయితే ఐదు. మార్చడానికయ్యే డబ్బు నేనిస్తాను, మీ నాన్నతో చెప్పకు.

మనకి విమానమంటే సెలవు. ఆ ఊళ్ళవాళ్ళకి అది వేరు. జనవరి నుంచి మార్చి దాకా సరస్సుల మీద మంచుదారి ఉంటే లారీలు తిరుగుతాయి, మిగతా ఏడాదంతా విమానమే. నిండు గర్భిణులు ముప్ఫయ్యారో వారం దాటాక, ఇంట్లో పిల్లల్ని వదిలి, కాన్పు కోసం అందులోనే వెళ్ళాలి. ఒకప్పుడు పిల్లల్ని, ఇళ్ళనుంచి విడదీసి ఉంచే రెసిడెన్షియల్ స్కూళ్ళకి ఎక్కించుకుపోయింది అదే. సూ లుకౌట్ పక్కన పెలికన్ లేక్ బడి అలాంటిదే. ఇప్పటికీ హైస్కూలు కోసం పిల్లలు మా థండర్ బే వస్తారు. 2000 నుంచి 2011 లోపు అలా వచ్చిన ఏడుగురు ఇక్కడే చనిపోయారు. సెప్టెంబరులో రన్‌వే దగ్గర తల్లుల మొహాలు చూస్తావు. అక్కడ ఫోన్ తీసి ఫొటోలు తియ్యకు.

వెళ్ళగానే రెండు మాటలు నేర్చుకో. పలకరింపుకి "వాచే", కృతజ్ఞతకి "మీగ్వెచ్". పలకడం తప్పితే నవ్వుతారు, నవ్వనీ.

నా పాత బీవరు తోలు చేతితొడుగులు పార్సిల్ చేశాను. ఎడమదానికి బొటనవేలు దగ్గర కుట్టు వదిలింది, కుట్టించుకోలేదు. ఆ ఊళ్ళో పూసలు కుట్టే ఆడవాళ్ళు ఎవరైనా బాగుచేస్తారు, డబ్బిచ్చి చేయించుకో.

పెళ్ళి సంగతి మీ అమ్మకి చెప్పకు. ఆదివారం నేనే ఫోన్ చేస్తాను. ఈలోగా ఎయిర్‌లైన్స్‌కి నువ్వు చెయ్యి.

పెద్దమ్మ