యాంప్ పెంచితే గిటార్ ఊళ పెడుతోంది!

ప్రశ్న: మా కాలేజీ ఫెస్టులో నా ఎలక్ట్రో-అకౌస్టిక్ గిటార్‌ని ఫ్రెండ్ దగ్గరున్న ఎలక్ట్రిక్ గిటార్ యాంప్‌కి పెట్టాను. కాస్త పెంచగానే ‘బూఁ...’ అని ఊళ. తగ్గిస్తే డ్రమ్స్‌లో కలిసిపోయి వినపడదు. పైగా రేకు డబ్బా సౌండ్. కొత్త యాంప్ కొనాలా?
– ఓ బీటెక్ విద్యార్థి, తెనాలి

జవాబు: కొనే సంగతి తర్వాత చూద్దాం తమ్ముడూ. యాంప్‌ని నీ వెనకాలే, నీ నడుముకేసి తిప్పి పెట్టుకున్నావు కదూ? ఇరవై ఏళ్లు పెళ్లి ఆర్కెస్ట్రాల్లో వాయించినవాణ్ణి, ఆ ఊళ నాకు బాగా తెలుసు.

నీ గిటార్ ఒక బోలు పెట్టె. తీగ మీటితే పైపలక ఊగుతుంది. స్పీకర్ సౌండ్ వచ్చి తగిలినా ఊగుతుంది. శాడిల్ (తీగలు ఆనే ఎముకలాంటి పట్టీ) కింద ఉన్న పీజో పికప్‌కి, అంటే ఊపుని కరెంటు సిగ్నల్‌గా మార్చేదానికి, ఏ ఊపైనా ఒకటే, పట్టుకుని యాంప్‌కి పంపేస్తుంది. యాంప్ దాన్ని పెంచి మళ్లీ పలక మీదికే తోస్తుంది. అలా తిరిగి తిరిగి ఊళ అవుతుంది.

ఇవాళ ఇంట్లో ఒక పని చెయ్యి. గిటార్ ఒళ్లో పెట్టుకుని, సౌండ్ హోల్ దగ్గర నోరు పెట్టి, బాగా కింది శ్రుతి నుంచి ‘ఊఁ’ అంటూ మెల్లగా పైకి రా. ఒకచోట పెట్టె మొత్తం గుయ్యిమని నీ పొట్టకి తగులుతుంది. పెద్ద డ్రెడ్‌నాట్ గిటార్లలో అది దాదాపు 100 హెర్ట్జ్ దగ్గర, అంటే ఆరో తీగ మూడో ఫ్రెట్‌కి అటూ ఇటూ. చాలాసార్లు ఊళ మొదలయ్యేది అక్కడే. అందుకే ముందు బాస్ తగ్గించు. గిటార్ పక్కన బిగించిన ప్రీయాంప్‌లో (బటన్లుండే చిన్న పెట్టె) ‘ఫేజ్’ బటన్, అంటే సిగ్నల్‌ని తలకిందులు చేసేది, ఉంటే ఒకసారి నొక్కి చూడు, ‘నాచ్’, అంటే ఒక్క శ్రుతినే తగ్గించేది, ఉంటే ఊళ ఆగేదాకా తిప్పు. రెండూ లేకపోతే సౌండ్ హోల్‌కి రబ్బరు మూత పెట్టు. యాంప్‌ని పక్కకి జరిపి జనం వైపు తిప్పు.

ఇక రేకు డబ్బా సౌండ్‌కి కారణం ఆ యాంపే. ఎలక్ట్రిక్ గిటార్ యాంప్ స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్ దాటితే పెద్దగా పలకదు, అకౌస్టిక్ మెరుపంతా ఆ పైనే ఉంటుంది. ఈసారి సౌండ్ అతన్ని డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న పెట్టె) అడిగి నేరుగా మిక్సర్‌కి ఇవ్వు. కొత్త యాంప్ అక్కర్లేదు.

వాయించడం అయ్యాక జాక్ పీకెయ్. పెట్టి ఉంచితే చాలా గిటార్లలో 9 వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. రాత్రంతా అలా వదిలేసి, మర్నాడు గుడివాడలో ఓ రిసెప్షన్‌లో రెండో పాట సగంలో మూగబోయాను. పెళ్లికొడుకు నా వంకే చూస్తున్నాడు!

ప్రశ్న: వేళ్లు నొప్పిగా ఉన్నాయని ఎలక్ట్రిక్ గిటార్‌కి నైలాన్ తీగలు వేయించాను. యాంప్‌లో అసలు సౌండ్ లేదు. పికప్ పోయిందా?
– ఓ పాఠకురాలు, వరంగల్

జవాబు: పికప్ నిక్షేపంగా ఉందమ్మా. ఎలక్ట్రిక్ గిటార్‌లో అది అయస్కాంతం, ఉక్కు తీగ కదిలితేనే దానికి తెలుస్తుంది. నైలాన్ ఎంత ఊగినా పట్టించుకోదు. సన్నటి ఉక్కు తీగలు, షాపులో ‘నైన్ సెట్’ అంటే ఇస్తారు, అవి వేయించండి. తీగలు ఫ్రెట్ల మీద మరీ ఎత్తుగా ఉంటే అప్పుడే కాస్త దించమనండి.