వీల్స్ తెల్లబడ్డాయని కొత్తవి కొనేయకు తమ్ముడూ

పాత టొయోటా కామ్రీ కారుకి నాలుగు అలాయ్ వీల్స్ మార్చాలి, ఎనిమిదొందల డాలర్లు అన్నారని రాశావు. రూపాయల్లోకి మార్చి చూసుకో ఒకసారి, ఊళ్లో ఒక ఇల్లు కొన్ని నెలలు గడిచే డబ్బు అది. డెట్రాయిట్‌కి కొత్తగా వచ్చినోళ్లందరూ ఇక్కడే దెబ్బతింటారు.

వీల్స్ మీద ఆ తెలుపు మురికి కాదు. అలాయ్ అంటే ఎక్కువ భాగం అల్యూమినియమే, పైన పారదర్శకంగా క్లియర్ కోట్ ఉంటది. రోడ్డు అంచుకి గీరుకున్నా రాయి తగిలినా ఆ కోట్ పగులుద్ది, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు నీళ్లు అందులోకి దిగి లోపల్లోపలే తుప్పు తెల్లటి దారాల్లా పాకుద్ది. ఈ సంగతి చెప్పేవాళ్లు లేక నేను మురికే అనుకుని షాపులో అన్నిటికన్నా ఘాటైన యాసిడ్ క్లీనర్ కొన్నా, ఎండలో కాలిపోతున్న వీల్స్ మీద కొట్టి లోపలికెళ్లి భోంచేసి వచ్చేసరికి అది ఆరిపోయి, కోట్ లేచిన చోటల్లా బూడిద రంగు మరకలు పడ్డాయి. వాటిని పోగొడదామని పాలిష్ డబ్బా మీద డబ్బా తెచ్చి రుద్దానే గానీ, కోట్ అలాగే ఉన్న చోట కింద మెటల్‌కి పాలిష్ అందదని ఎవరూ చెప్పలేదు. ఆ నెల ఇంటికి పంపే డబ్బులు తగ్గించి పంపాల్సొచ్చింది, అమ్మ ఏమీ అనలేదు గానీ నాకు చాలా బాధేసింది.

అందుకే ముందు ఒక మూల పాలిష్ రాసి గుడ్డ చూడు. నల్లగా అయితే ఒట్టి అల్యూమినియం, అవ్వకపోతే కోట్ ఉన్నట్టే, అది పెయింట్ ఊడగొట్టే స్ట్రిప్పర్‌తో తియ్యాలి. ఆ తర్వాత నీళ్లు పోస్తూ 400 నంబరు (నంబరు పెరిగేకొద్దీ నునుపు) సాండ్‌పేపర్‌తో మొదలెట్టి 600, 800, 1000, 1500, 2000 దాకా వెళ్లు, ఒక్కటి కూడా దాటెయ్యకు, గీతలు మిగిలిపోతాయి. చివర్లో మెటల్ పాలిష్. మెరిసింది కదా అని అలా వదిలేస్తే మిషిగన్ ఉప్పుకి మళ్లీ మసకబారుద్ది, పైన పొరలా కాపాడే సీలెంట్ గానీ క్లియర్ కోట్ గానీ వెయ్యాల్సిందే. హార్డెనర్ కలిపి కొట్టే టూకే క్లియర్ కోట్ అయితే అందులో ఐసోసయనేట్లనే విషపు రసాయనాలుంటాయి, వాటికి పనికొచ్చే రెస్పిరేటర్ పెట్టుకో, అక్కడ మాత్రం పైసలు చూసుకోకు.

వీల్ ముఖం మీద లేత్ మెషీన్‌తో చెక్కిన సన్నటి గీతలుంటే అది డైమండ్ కట్ వీల్, సాండ్‌పేపర్ పెట్టకు. క్రోమ్ అయినా అంతే. పగులుంటే ఆ వీల్ వదిలెయ్. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కారు పని చెయ్యనిస్తారో లేదో నీ లీజ్‌లో చూసుకో.

వీల్ నట్లు బిగించేటప్పుడు ఎంత బలంతో బిగిస్తున్నావో చూపించే టార్క్ రెంచ్ వాడు, కామ్రీకి 76 ఫుట్ పౌండ్లు, మీ మాన్యువల్‌లో సరిచూసుకుని ఓ 50 మైళ్లు తిరిగాక మళ్లీ బిగింపు చూడు. రెంచ్ కొనక్కర్లా, ఆటోజోన్ లాంటి కారు విడిభాగాల షాపులో డిపాజిట్ కట్టి తెచ్చుకుని, తిరిగిచ్చేసి ఆ డబ్బు వెనక్కి తీసుకో.