క్వీన్స్‌లో ఇంటి కోసం తెనాలి స్థలం అమ్మాలా?

ప్రశ్న: న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఏడేళ్లుగా అద్దెకుంటున్నాం. నాది హెచ్‌-1బీ వీసా, గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 ఆమోదమైంది. నా భార్య నా మీద ఆధారపడిన హెచ్‌-4 వీసాతో వచ్చే పని అనుమతి, అంటే ఈఏడీ, మీద ఉద్యోగం చేస్తోంది. ఇద్దరికీ కలిపి ఏడాదికి 2,10,000 డాలర్లు, అందులో నా జీతం 1,40,000. పాపకు ఆరేళ్లు. బ్యాంకులో, ఫండ్లలో కలిపి 1,90,000 డాలర్లున్నాయి. రిటైర్మెంటు కోసం దాచే 401కే వేరు. నెలకు 4,000 మిగులుతుంది. కారు లోను నెలకు 450 కడుతున్నాం. జాక్సన్ హైట్స్‌లో రెండు బెడ్‌రూముల కోఆప్ ఫ్లాటు ఒకటి చూశాం. ధర 5,20,000, మెయింటెనెన్స్ నెలకు 1,100. రిచ్‌మండ్ హిల్‌లో రెండు కుటుంబాల ఇల్లు ఒకటి 10,50,000కి ఉంది. పై పోర్షన్‌కు 2,800, బేస్‌మెంట్‌కు 1,700 అద్దె వస్తుందని బ్రోకర్ అంటున్నారు. నాన్నగారు తెనాలి దగ్గర స్థలం అమ్మి 60 లక్షలు పంపుతానంటున్నారు. స్నేహితులు న్యూజెర్సీలోని ఎడిసన్ వెళ్లిపొమ్మంటున్నారు. మాకేమో ఇక్కడే ఉండాలని ఉంది. ఏది కొనాలి? ఇంకో మాట, చుట్టుపక్కల మనవాళ్లున్నారా అని అడిగితే బ్రోకర్ మాట దాటేశారు. ఎందుకని?

జవాబు: ముందు మీ చివరి ప్రశ్నకు చెబుతాను, ఎందుకంటే అది మిమ్మల్ని బాధపెట్టినట్టుంది. బ్రోకర్ మిమ్మల్ని చిన్నచూపు చూడలేదండీ. ఏ వీధిలో ఏ దేశంవాళ్లుంటారు, ఏ మతంవాళ్లుంటారు అని చెప్పి కొనేవాళ్లను అటో ఇటో నడిపించడం 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం తప్పు. అలా చెబితే ఆయన లైసెన్సుకే ముప్పు. దీని వెనక పెద్ద కథ ఉంది. మీరు చూసిన జాక్సన్ హైట్స్‌లో లోపల తోటలున్న పాత అపార్టుమెంట్లు వందేళ్ల కిందట కట్టినవి. అప్పట్లో వాటిలో యూదులకు, నల్లజాతివారికి ఇల్లు ఇచ్చేవారు కాదు. ఇప్పుడు అదే వీధుల్లో ఎన్ని భాషలు వినిపిస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి చుట్టుపక్కల ఎలా ఉంటుందో తెలుసుకునే పని మీరే చెయ్యాలి. ఉద్యోగాలకు వెళ్లే వేళకు జాక్సన్ హైట్స్ 74వ వీధి సబ్‌వే స్టేషన్‌లో ఒకసారి నిలబడండి. 7తో పాటు ఈ, ఎఫ్, ఎం, ఆర్ రైళ్లన్నీ అక్కడ ఆగుతాయి. ఫ్లషింగ్‌లో బౌన్ స్ట్రీట్ గణపతి గుడికి ఆదివారం ఆ ఇంటి నుంచే బయల్దేరి ఎంతసేపు పడుతుందో చూడండి. పాప బడి ఏ జోన్‌లోకి వస్తుందో ఇంటి నంబరుతో సహా సరిచూసుకోండి. వీధి దాటితే బడి మారిపోవచ్చు.

ఇక డబ్బు. మీ ఉత్తరంలో నన్ను ఆపిన విషయం ఇంటి ధర కాదు. మీకు రెండు జీతాలున్నాయి, కానీ రెండూ ఒకే తాడుకు కట్టిన బిందెలు. మీ భార్య ఈఏడీ మీ హెచ్‌-1బీ మీద ఆధారపడి ఉంది. మీ ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవడానికి ఎక్కువలో ఎక్కువ 60 రోజులు దొరుకుతాయి. ఆ గడువులో దారి దొరక్కపోతే ఆవిడ జీతం కూడా ఆగిపోతుంది. అందుకే ఏ ఇల్లు మంచిది అనేకంటే, ఇల్లు కొన్న మర్నాడు మీ చేతిలో ఎంత మిగులుతుంది అన్నదే నా మొదటి ప్రశ్న.

రిచ్‌మండ్ హిల్ ఇంటితో మొదలుపెడదాం. 20 శాతం డౌన్ పేమెంట్ అంటే 2,10,000. పది లక్షల డాలర్లు, ఆ పైన ధర ఉన్న ఇంటికి కొనేవాళ్లు 1 శాతం మాన్షన్ టాక్స్ కట్టాలి, అది 10,500. లోను 8,40,000 తీసుకుంటే దాన్ని రిజిస్టరు చేసినందుకు కట్టే మార్ట్‌గేజ్ రికార్డింగ్ టాక్స్ 1.925 శాతం, అంటే 16,000 పైమాటే. టైటిల్ ఇన్సూరెన్సు (ఇంటి హక్కు మీద తగాదా వస్తే కాపాడే బీమా), లాయరు, బ్యాంకు ఖర్చులకు మరో 15,000 వేసుకోండి. అన్నీ కలిపితే దాదాపు 2,52,000. మీ 1,90,000కి నాన్నగారి 60 లక్షలు, అంటే సుమారు 67,000 డాలర్లు కలిపినా తాళంచెవి చేతికొచ్చిన రోజున మీ దగ్గర మిగిలేది 5,000. నెల ఖర్చుకు కూడా చాలదు. మిగులు చూపించకపోతే బ్యాంకు లోను ఇవ్వడమే కష్టం.

నెలవారీ చూద్దాం. వడ్డీ 6.5 శాతం, 30 ఏళ్లు అనుకుంటే వాయిదా 5,300. ఇంటి పన్ను, ఇన్సూరెన్సు కలిపితే 6,300 దాకా వస్తుంది. బ్రోకర్ చెప్పిన 4,500 అద్దె తీసేస్తే 1,800కే ఇల్లు అన్నట్టు కనిపిస్తుంది. మీ స్నేహితుడెవరైనా ఈ లెక్క విని ఇంకా ఆలోచిస్తున్నావా అనే ఉంటాడు. కానీ ఆ లెక్కలో బేస్‌మెంట్ అద్దె ఉంది. ఇంట్లో ఎన్ని కుటుంబాలు ఉండొచ్చో చెప్పే సర్టిఫికెట్ ఆఫ్ ఆక్యుపెన్సీలో రెండు కుటుంబాలు అని రాసి ఉంటే, కింద మూడో కుటుంబాన్ని పెట్టడం చట్టవిరుద్ధం. వాళ్లు అద్దె ఎగ్గొడితే కోర్టుకెళ్లి వసూలు చేసుకునే దారి కూడా ఉండదు. ఆ సర్టిఫికెట్‌ను సిటీ బిల్డింగ్స్ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్లో చిరునామా కొట్టి మీరే చూసుకోవచ్చు.

చట్టం ఒక్కటే కాదు. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుపాను వానకు న్యూయార్క్‌లో బేస్‌మెంట్ ఇళ్లలో 11 మంది నీళ్లలో చనిపోయారు. ఎక్కువమంది క్వీన్స్‌వాళ్లే. ఎవరి పిల్లలనో అలాంటి గదిలో పెట్టి వచ్చే 1,700తో మన వాయిదా కట్టుకోమని నేను చెప్పలేను. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు బేస్‌మెంట్ గోడ అడుగున చూడండి. నేల నుంచి రెండు మూడు అడుగుల వరకే షీట్‌రాక్ (గోడకు కొట్టే జిప్సం పలక) కొత్తగా ఉండి, పైన పాతదే ఉంటే నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఆ గీతే చెబుతుంది. బాయిలర్ కాళ్ల దగ్గర తుప్పు చూడండి. 2024 మార్చి నుంచి అమ్మేవాళ్లు వరద సంగతి కాగితం మీద రాసివ్వడం తప్పనిసరి. ఆ కాగితం అడిగి తీసుకోండి.

ఒక మాట ఒప్పుకోవాలి. రేపు మీరు ఇండియా వెళ్లాల్సి వస్తే ఇల్లు రెండు పోర్షన్లూ అద్దెకిచ్చి వెళ్లొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ సుఖం కోఆప్‌లో లేదు. మీ చేతిలో ఇంకో లక్ష డాలర్లు ఉండి ఉంటే నా సలహా వేరేగా ఉండేదేమో.

కోఆప్ అంటే మనం ఫ్లాటు కొనం. బిల్డింగ్ మొత్తం ఒక కంపెనీది, మనం ఆ కంపెనీ షేర్లు కొంటాం. ఆ షేర్ల వల్ల మన ఫ్లాటులో ఉండే హక్కు వస్తుంది. అందుకే రికార్డింగ్ టాక్స్ ఉండదు, టైటిల్ ఇన్సూరెన్సు తప్పనిసరి కాదు. మీకు డౌన్ పేమెంట్ 1,04,000, క్లోజింగ్ ఖర్చులు 15,000 లోపు. చేతిలో 71,000 మిగులుతుంది. వాయిదా 2,630, మెయింటెనెన్స్ 1,100 కలిపి నెలకు 3,730. బిల్డింగ్ కట్టే ఇంటి పన్ను ఆ మెయింటెనెన్స్‌లోనే ఉంటుంది. కారు లోనుతో కలిపినా మీ ఆదాయంలో 24 శాతం. కోఆప్‌లో కొనాలంటే దాన్ని నడిపే బోర్డు మిమ్మల్ని ఒప్పుకోవాలి, చాలా బోర్డులు 28, 30 దాకా ఒప్పుకుంటాయి.

బోర్డు మీ దగ్గర మిగిలే డబ్బు కూడా అడుగుతుంది. కొన్ని చోట్ల ఏడాది ఖర్చు చాలంటారు, మీకు అది 45,000, దాటేశారు. రెండేళ్లది కావాలంటే దాదాపు 90,000, మీకు 18,500 తక్కువ. నెలకు నాలుగు వేలు మిగులుతోంది కదా, ఐదు నెలలు ఆగితే చాలు. ఆ లోటు కోసం స్థలం అమ్మక్కర్లేదు.

బోర్డు ఇంటర్వ్యూ అంటే టెన్షన్ పడకండి. బోర్డు కారణం చెప్పకుండా కాదనొచ్చు, అది నిజమే. కానీ పుట్టిన దేశం, రంగు, మతం, ఇమిగ్రేషన్ స్థితి చూసి కాదనడానికి సిటీ చట్టం ఒప్పుకోదు. వాళ్లు ముఖ్యంగా చూసేది మీరు మెయింటెనెన్స్ టైముకు కడతారా అన్నదే.

కోఆప్‌లో అసలు భయపడాల్సినవి రెండు. మొదటిది సబ్‌లెట్ నియమం, అంటే మీ ఫ్లాటును ఇంకొకరికి అద్దెకివ్వనిస్తారా అన్నది. చాలా చోట్ల రెండేళ్లు మీరే ఉన్నాక, ఐదేళ్లలో రెండేళ్లు మాత్రం అద్దెకివ్వనిస్తారు. కొన్నిచోట్ల అసలు ఇవ్వనివ్వరు. మీ వీసా పరిస్థితికి అద్దెకివ్వనివ్వని బిల్డింగ్ వద్దే వద్దు. ఆఫర్ పెట్టకముందే ఇది అడగండి, అమ్మేటప్పుడు కట్టే ఫ్లిప్ టాక్స్ ఎంతో కూడా అడగండి. రెండోది బిల్డింగ్ ఆరోగ్యం. ఒక జంట ఇలాగే ఒక ఫ్లాటు ఇష్టపడితే వాళ్ల లాయరు మేనేజింగ్ ఏజెంటు ఆఫీసులో కూర్చుని రెండేళ్ల బోర్డు మినిట్స్, అంటే మీటింగుల రికార్డు, చదివారు. మీటింగు మీటింగుకూ బాయిలర్ మాటే. ఒకసారి వెల్డింగు, ఒకసారి పంపు, ఆఖరి మీటింగులో ‘వేసవిలోపు నిర్ణయం’ అని ఒక్క లైను. ఆ ఒక్క లైనుకే వాళ్లు వెనక్కి తగ్గారు. కొత్త బాయిలర్ ఖర్చు ఒక్కో షేరు మీద అసెస్‌మెంట్‌గా, అంటే అదనపు వసూలుగా, పడుతుంది. 25,000 చదరపు అడుగులు దాటిన బిల్డింగులకు లోకల్ లా 97 కింద 2024 నుంచి కర్బన ఉద్గారాల పరిమితి ఉంది, 2030లో అది ఇంకా బిగుస్తుంది. కాబట్టి ఆయిల్ బాయిలర్ ఉన్న బిల్డింగ్ అయితే దాన్ని ఎప్పుడు మార్చబోతున్నారు, రిజర్వు ఫండ్‌లో ఎంతుంది అన్నవి తప్పక అడగాలి. ఆరు అంతస్తులు దాటిన బిల్డింగులకు ఐదేళ్లకోసారి బయటి గోడల తనిఖీ ఉంటుంది. జాక్సన్ హైట్స్‌లో పాతవి చాలావరకు ఆరు లోపే, ఆ ఖర్చు మీకు తప్పొచ్చు.

ఇక్కడ ఆఫర్ ఒప్పుకున్నారంటే పని అయినట్టు కాదు. కాంట్రాక్టు మీద సంతకాలయ్యేదాకా ఇరువైపులా వెనక్కి తగ్గొచ్చు. సంతకంతో పాటు 10 శాతం ఎస్క్రోలో, అంటే క్లోజింగ్ దాకా మూడో మనిషి దగ్గర భద్రంగా, పెడతారు. ఆ సంతకానికి ముందే మినిట్స్ చదవడం అయిపోవాలి. 3.5 శాతం డౌన్ పేమెంట్‌తో ప్రభుత్వ హామీ ఉన్న ఎఫ్‌హెచ్‌ఏ లోను వస్తుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. 2025 మే 25 నుంచి హెచ్‌-1బీ వాళ్లకు అది లేదు.

ఎడిసన్ సంగతి ఒక్క మాటలో: అక్కడ ఇంటి పన్ను బాగా ఎక్కువ, రెండో కారు కొనాలి, రోజూ రైలు ప్రయాణం అదనం. మీకు ఇక్కడే ఉండాలనుంటే అది చాలా మంచి కారణం. దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

నాన్నగారితో మాట్లాడేటప్పుడు ఆయన ప్రేమను కాదన్నట్టు కాకుండా చెప్పండి. 60 లక్షలు ఆయన ఒక్కరే ఒకేసారి పంపితే 10 లక్షలు దాటిన 50 లక్షల మీద 20 శాతం, అంటే 10 లక్షలు, టీసీఎస్ (ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) కింద బ్యాంకు అదనంగా పట్టుకుంటుంది. రిటర్ను వేశాక సర్దుబాటవుతుంది కానీ అప్పటిదాకా ఆ డబ్బు వాళ్ల చేతిలో ఉండదు. ఆ 10 లక్షల పరిమితి ఒక్కొక్కరికి ఆర్థిక సంవత్సరానికి లెక్క కాబట్టి, ఎప్పుడైనా నిజంగా అవసరమైతే అమ్మగారూ నాన్నగారూ విడివిడిగా, మార్చిలో కొంత, ఏప్రిల్లో కొంత పంపేలా చూసుకోవచ్చు. ప్రస్తుతానికి ఆ స్థలం వాళ్ల పేరునే ఉండనివ్వండి. ఈ ఐదు నెలల్లో మీరు చూసిన ఫ్లాటు అమ్ముడైపోతే పోనివ్వండి, ఆ వీధుల్లో అలాంటివి మళ్లీ వస్తాయి. ఈలోపు ఆ బిల్డింగ్ సబ్‌లెట్ నియమం, గత రెండేళ్ల ఆడిట్ లెక్కలు తెప్పించుకుని నాకు పంపండి.