చీకటి కథలు రాస్తున్నాను, పీడకలలు వస్తున్నాయి.. కలం పక్కన పెట్టేయాలా?

ప్రశ్న: నా వయసు 52. ఇరవై ఏళ్లుగా నవలలు రాస్తున్నాను. మోహం, అసూయ, పగ, హత్య.. నా కథలన్నీ వీటి చుట్టూనే తిరుగుతాయి. ఒంటరిగా ఉంటాను, వారాల తరబడి ఎవరినీ కలవను. రాత్రి 10 నుంచి 2 గంటల దాకా రాసి, వెంటనే పడుకుంటాను. నాలుగు నెలలుగా తెల్లవారుజామున గుండె దడతో మెలకువ వస్తోంది. రాసిన దృశ్యాలే కలలోకి వస్తున్నాయి, వాటిలో చనిపోయేది నేనే. రోజుకు ఆరేడు కప్పుల కాఫీ తాగుతాను. మైగ్రేన్ కోసం ఐదు నెలలుగా రాత్రిపూట ప్రొప్రనొలాల్ వేసుకుంటున్నాను. ఇలాంటి కథలు మానేయమని మా అక్క అంటోంది. నిజంగా మానేయాలా? మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తే మందులతో ఊహాశక్తి పోతుందేమోనని భయంగా ఉంది.

సలహా: మానేయాల్సిన అవసరం లేదు. మీ ఉత్తరంలో ముందుగా చూడాల్సినవి తేదీలు. ఇరవై ఏళ్లుగా ఇవే కథలు రాస్తున్నారు, పీడకలలు మాత్రం నాలుగు నెలల నాటివి. అంతకు నెల ముందే మైగ్రేన్ మాత్ర మొదలైంది. ప్రొప్రనొలాల్ మెదడులోకి తేలిగ్గా చేరే మందు. పీడకలలు, నిద్ర చెదరడం దీని దుష్ప్రభావాల్లో బాగా తెలిసినవే. అయితే మీ అంతట మీరు ఆపేయకండి. ఒక్కసారిగా ఆపితే గుండె వేగం, బీపీ ఎగబాకే ప్రమాదం ఉంది. రాసిచ్చిన డాక్టర్‌కే విషయం చెప్పండి. వేసుకునే వేళ మార్చడమో, మెదడులోకి తక్కువగా వెళ్లే అటెనొలాల్ లాంటిదానికి మార్చడమో ఆయన చూస్తారు.

ఇక కాఫీ. పెద్దవాళ్లకు రోజుకు 400 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదు. ఒక కప్పు మామూలు కాఫీలో 80 నుంచి 100 దాకా ఉంటుంది కాబట్టి మీరు ఆ గీత ఎప్పుడో దాటేశారు. రాత్రి 11కి తాగిన కప్పులో సగం కెఫీన్ తెల్లవారుజామున 4కి కూడా ఒంట్లోనే ఉంటుంది. మూడు రోజులకు ఒక కప్పు చొప్పున తగ్గించండి. ఒకేసారి మానేస్తే తలనొప్పి తిరగబెడుతుంది, మైగ్రేన్ ఉన్నవాళ్లకు ఇది మరీ ఇబ్బంది. మధ్యాహ్నం దాటాక తాగొద్దు. గుండె దడ ఉంది కనుక థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు, ఒక ఈసీజీ చేయించుకోండి. గట్టిగా గురక పెడుతుంటే నిద్రలో శ్వాస ఆగుతోందేమో కూడా చూడాలి.

కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశ రాత్రి చివరి భాగంలో సాగదీసుకుని ఉంటుంది. మీకు తెల్లవారుజామునే మెలకువ రావడానికి అదీ ఒక కారణం కావచ్చు. హత్య ఘట్టం రాసి, లైటు ఆర్పి, నేరుగా మంచం ఎక్కితే ఆ ఉద్వేగం చల్లారే వ్యవధి ఉండదు. తీవ్రమైన సన్నివేశాలను రాత్రి మొదటి గంటల్లో రాసేయండి. చివరి గంట దిద్దుబాటుకు, ప్రూఫులకు ఉంచండి. బల్ల దగ్గర నుంచి లేచే ముందు, రేపు ఎక్కడ మొదలుపెట్టాలో రెండు వాక్యాలు రాసి పెట్టుకుంటే పాత్ర మీ వెంట మంచం దాకా రాదు. తర్వాత గది మారండి, చన్నీళ్లతో ముఖం కడుక్కోండి, రాసేటప్పుడు వేసుకున్న బట్టలు మార్చుకోండి. నటులు పాత్రలోంచి బయటపడటానికి చేసేది ఇలాంటిదే.

అప్పటికీ కల తగ్గకపోతే ‘ఇమేజరీ రిహార్సల్’ అనే పద్ధతి ఉంది. ఊహే దీనికి పెట్టుబడి కాబట్టి మీ చేతికి బాగా ఒదుగుతుంది. మరీ భయంకరమైన కలను వదిలి, ఓ మోస్తరు కల ఒకటి ఎంచుకోండి. వర్తమాన కాలంలో అర పేజీలో రాయండి. దాన్ని మీకు నచ్చినట్టు మార్చండి: తలుపు తెరిస్తే కత్తి పట్టుకున్న మనిషికి బదులు చిన్నప్పటి స్నేహితుడు గొడుగు మడుస్తూ నిలబడి ఉండొచ్చు. మార్చిన కలనే రోజూ పగటిపూట 10 నుంచి 20 నిమిషాలు కళ్లు మూసుకుని ఊహించుకోండి. రెండు మూడు వారాలు చేయాలి. రచయితలు ఇక్కడే ఒక పొరపాటు చేసే వీలుంది. ముగింపు చప్పగా ఉందనిపించి మళ్లీ మలుపు పెడతారు, లేదా రోజుకో కొత్త రూపం రాస్తారు. అలా చేస్తే మెదడుకు ఏదీ అలవాటు కాదు. కథగా ఎంత పేలవంగా ఉన్నా ఒకే రూపాన్ని పట్టుకుని ఉండండి. మంచం మీద, పడుకోబోతూ చేయొద్దు.

ఒంటరితనం గురించి కూడా చెప్పాలి. పని కోసం తలుపు వేసుకోవడం వేరు, మనుషులంటే జంకి వేసుకోవడం వేరు. ఫోన్ మోగినప్పుడు ‘ఇప్పుడు కాదు, రాసుకుంటున్నా’ అనిపిస్తే ఫరవాలేదు. ఒళ్లు చెమటలు పట్టి, మాట పెగలదేమోనని భయం వేస్తే దానికి చికిత్స అవసరం. ఏదైనా సరే, నిద్ర లేచాక అరగంట ఆరుబయట వెలుతురులో నడవండి. వారానికి రెండుసార్లు ఎవరినైనా ఎదురుగా కూర్చుని కలవండి. అక్కయ్యతోనే మొదలుపెట్టవచ్చు.

స్వీడన్‌లో 2013లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో డిప్రెషన్, బైపోలార్ (కొన్నాళ్లు మితిమీరిన హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు) లాంటివి రచయితల్లో ఎక్కువగా కనిపించాయి. వాళ్లు ఎలాంటి కథలు రాశారన్నది అందులో లెక్కలోకి తీసుకోలేదు. అందుకే మీరు ఏ కథ రాస్తున్నారన్నది కాకుండా, బల్ల దగ్గర నుంచి లేచాక మీరు ఎలా ఉంటున్నారో గమనించుకోండి. రెండు వారాలకు మించి దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఆకలి మందగించడం ఉంటే డిప్రెషన్ కావచ్చు. వరుసగా నాలుగు రోజులు మూడు గంటల నిద్రతోనే హుషారుగా ఉండి, ఆలోచనలు పరుగులు తీస్తుంటే, దాన్ని ప్రేరణ అనుకుని ఊరుకోవద్దు. అది బైపోలార్ తొలి సంకేతం కావచ్చు. పాత్ర గొంతు మనసులో వినిపించడం రచయితలకు మామూలే. అదే గొంతు బయటి నుంచి వస్తున్నట్టు, ఏదో చేయమని ఆజ్ఞాపిస్తున్నట్టు అనిపిస్తే ఆలస్యం చేయొద్దు. చనిపోవాలన్న ఆలోచన కల దాటి మెలకువలోకి వస్తే మాత్రం ఆ రోజే, ఎవరినైనా తోడు తీసుకుని దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.

మందులతో ఊహాశక్తి పోతుందన్న మీ భయాన్ని తీసిపారేయలేను. కొన్ని డిప్రెషన్ మందులతో సంతోషం, దుఃఖం రెండూ మొద్దుబారినట్టు కొందరికి అనిపిస్తుంది. మోతాదు తగ్గిస్తే, లేదా మందు మారిస్తే చాలామందికి అది సర్దుకుంటుంది. డెన్మార్క్ మానసిక వైద్యుడు మోగెన్స్ షౌ 1979లో, బైపోలార్‌కు లిథియం వాడుతున్న 24 మంది కళాకారులను దీని గురించే అడిగారు. 12 మంది పని పెరిగిందన్నారు, ఆరుగురు తేడా లేదన్నారు, ఆరుగురు తగ్గిందన్నారు. మీకు ప్రస్తుతం మందులు అవసరమవుతాయని ఈ ఉత్తరాన్ని బట్టి చెప్పలేం. అవసరమైతే, రాయడమే మీ వృత్తి అని మొదటిరోజే డాక్టర్‌కు చెప్పండి. రోజుకు ఎన్ని పేజీలు రాస్తున్నారో, ఎన్ని గంటలు నిద్రపోతున్నారో ఒక కాగితం మీద వేసుకుంటూ ఉండి, తర్వాతిసారి వెళ్లినప్పుడు ఆ కాగితం చూపించండి.